పోలెండువాళ్ళ సారె

కళింగపట్నం వెళ్ళే దారిలో, సముద్రం హోరు వినపడేంత దగ్గరలో ఒక పాత చర్చి ఉంది. ఓడరేవు నడిచిన రోజుల్లో ఇక్కడ వ్యాపారం చేసుకున్న తెల్లవాళ్ళు కట్టించుకున్నారట. గేటు పక్కన ‘చారిత్రక కట్టడం’ అని బోర్డు ఉంటుంది. చారిత్రకం అంటే ఏమిటో లోపలికి వెళ్తే తెలుస్తుంది. ఫ్యాన్లు తిరగవు, గంట మోగదు. గంటలో పావురాలు కాపురం పెట్టాయి. కాపురాలు కూల్చడం తన వృత్తి కాదని ఫాదర్ గారు వాటి జోలికి వెళ్ళరు. పూజ వేళకి సెల్‌ఫోన్లో గంట చప్పుడు పెట్టి మైకు దగ్గర పట్టుకుంటారు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే ఊరందరికీ తెలుస్తుంది.

ఈ చర్చికి ఇప్పుడు రెండు రకాల జనం వస్తారు. ఆదివారం ఏడింటి పూజకి చుట్టుపక్కల సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబాలవాళ్ళు. తొమ్మిదింటి పూజకి పోలెండువాళ్ళు.

పోలెండువాళ్ళకి మా జిల్లాలో ఏం పని అని అడుగుతారు. హైవే పక్కన ఒక ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చారు. ఆరు నెలల పని అన్నారు. ఇది నాలుగో ఏడు. మొదటి ఏడాది ఇంజనీర్లు మాత్రమే ఉండేవారు. పని సంగతి అర్థమయ్యాక భార్యల్ని కూడా పిలిపించుకున్నారు. ఇప్పుడు మొత్తం పధ్నాలుగు మంది, ఆరు కాపురాలు, ఒక గెస్ట్ హౌస్. ఆ గెస్ట్ హౌస్ చూసుకునేది నేను.

నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీషు చదివాను. ఆ ఇంగ్లీషుని పనిలోకి తీసుకున్నది వీళ్ళే. వాళ్ళకి కూడా నాకు వచ్చినంతే వచ్చు కాబట్టి అపార్థాలు ఇరుపక్షాలా సమానంగా ఉంటాయి, ఎవరికీ చిన్నతనం లేదు. ఆదివారం వాళ్ళని వ్యానులో చర్చికి తీసుకెళ్ళడం, పూజ అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చోవడం కూడా నా ఉద్యోగమే. మాది శ్రీకాకుళంలో తరాలుగా దుకాణాలు నడిపే ఇల్లు. వారం వారం చర్చికి వెళ్తున్నానని తెలిసి మా అమ్మ కంగారుగా అడిగింది, మతం గానీ మారిపోయావా అని. లేదమ్మా, ఆ బెంచీ పక్కన కిటికీ ఉంది, సముద్రం గాలి వస్తుంది, అన్నాను. అమ్మకి పూర్తి నమ్మకం కుదరలేదు. నాకు మాత్రం ఆ కిటికీ మీద గట్టి నమ్మకం.

పోలెండువాళ్ళు పాడేటప్పుడు వాళ్ళ భాషలోనే పాడతారు. కొన్నాళ్ళకి ఒక సంగతి గమనించాను. ఏడింటి పూజకి వచ్చిన ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళకుండా తొమ్మిదింటిదాకా ఉండిపోతున్నారు. భక్తి ఎక్కువైందేమో అనుకున్నాను. ఒకావిడని అడిగాను.

“ఆ పెద్ద దొరసానమ్మ ఏడుస్తా పాడతాది బాబూ. సూడ్డానికి బాగుంతాది” అంది.

ఏడాది తిరిగేసరికి ఆ పాటలన్నీ వీళ్ళకి కంఠతా వచ్చేశాయి. అర్థం ఒక్కరికీ తెలియదు. గొంతులు మాత్రం పోలెండు పధ్నాలుగింటినీ ముంచేస్తాయి. పోలెండువాళ్ళు మర్యాదస్తులు, ఇంతవరకు ఉచ్చారణ గురించి ఒక్క మాట అనలేదు.

ఆ ఏడ్చే పెద్ద దొరసానమ్మే ఈ కథకి మూలం. పెద్ద ఇంజనీరు గారి భార్య, అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఈస్టర్‌కి ముందు శనివారం వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ ఒక బుట్ట పట్టుకుని చర్చికి వెళ్తారట. ఉడికించిన గుడ్లు, రొట్టె, ఉప్పు, మాంసం సర్దుకుని వెళ్తే ఫాదర్ మంత్రజలం చల్లుతారు. మర్నాడు పొద్దున్న అందరూ కూర్చుని అవి తిని ఉపవాసం విడుస్తారు. బుట్ట మధ్యలో ఒక గొర్రెపిల్ల ఉండాలి. బతికున్నది కాదు. కొందరు వెన్నతో చేస్తారు, ఈవిడ ఇంట్లో పంచదారతో చేసినదే పెడతారు. పుట్టిన దగ్గర్నుంచి ఆ గొర్రెపిల్ల లేని ఈస్టర్ ఎరగనంది. తీరా మా జిల్లాకి వచ్చాక ఎరిగింది. మొదటి ఏడు వాళ్ళ చెల్లెలు పార్సిల్లో పంపిస్తే ఇక్కడికి చేరింది పంచదార పొడి, ఒక జెండా పుల్ల. రెండో ఏడు వెన్నతో చేసింది. ఏప్రిల్ నెల, వ్యానులో నలభై నిమిషాల ప్రయాణం. చర్చి దగ్గర దిగేసరికి రొట్టెకి వెన్న రాసి ఉంది.

ఆవిడ ఏడవలేదు. పాటకి ఏడ్చే మనిషి దీనికి ఏడవలేదు. “పరవాలేదు” అని ఖాళీ గిన్నె తుడుచుకుని బుట్టలో పెట్టుకుంది.

ఈ ఏడు ఈస్టర్‌కి నెల ముందు నాతో ఆ మాట వచ్చినప్పుడు, “మా వైపు పంచదార బొమ్మలు పోసేవాళ్ళున్నారు, నేను చేయిస్తాను” అనేశాను. నా నోరు ముందు మాట ఇచ్చేసి, ఆ తర్వాత నాకు కబురు చేస్తుంది.

పోసే మనిషి ఉన్న మాట నిజమే. మా మావ, అమ్మకి స్వయానా తమ్ముడు, శ్రీకాకుళం బజార్లో మిఠాయి దుకాణం. మా వైపు పెళ్ళి సారె కావిడి అంటే పంచదార చిలకలు ఉండాల్సిందే. పాకం పట్టి, పాలు పోసి మురికి తీసి, తెల్లబడేదాకా తిప్పి, నీళ్ళలో నానబెట్టిన చెక్క అచ్చుల్లో పోస్తే చిలకలు, ఏనుగులు, పల్లకీలు వస్తాయి. మా మావ చిలక అంటే ఒకప్పుడు మూడు జిల్లాల్లో పేరు. చిక్కేమిటంటే, ఆయన అచ్చు ముట్టుకుని నాలుగేళ్ళయింది.

నాలుగేళ్ళ కిందట విజయనగరంలో ఒక పెళ్ళికి ఇరవై ఒక్క చిలకలు పంపించాడు. వానాకాలం. తేమకి పంచదార చెమటపట్టింది. పెళ్ళివారందరి ముందూ కావిడి విప్పితే ఇరవై ఒక్క ఒళ్ళు, ఇరవై ఒక్క తలకాయలు, విడివిడిగా ఉన్నాయి. పెళ్ళికొడుకు నాయనమ్మ అపశకునం అంది. ఆ దంపతులు ఇప్పుడు ఇద్దరు పిల్లల్తో నిక్షేపంగా ఉన్నారు, టీవీ రిమోట్ కోసం తప్ప కొట్టుకోరు. అపశకునం తగిలింది మా మావకే. అచ్చులన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాడు. ఎవరైనా చిలకలు అడిగితే, “నా సెయ్యి పోయింది” అని కుడిచెయ్యి చూపించేవాడు. ఆ చేత్తోనే రోజుకి వంద కాజాలు చుడతాడు. అయినా ఎవరూ ఎదురు చెప్పేవారు కారు.

నేను దుకాణానికి వెళ్ళేసరికి మావ బెల్లం కొడుతున్నాడు.

“మావా, ఒక బొమ్మ పొయ్యాలి.”

“నా సెయ్యి పోయిందని నీకు తెల్దేటి?”

“సిలక కాదు. గొర్రెపిల్ల.”

సుత్తి ఆగింది. “ఏటి?”

ఫోన్లో ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకి తోసి, కిందికి లాగి, మళ్ళీ పైకి తోశాడు.

“ఇదెందుకలగ పడుకున్నాది? ఒంట్లో బాగునేదా?”

“ఆళ్ళ దగ్గర పడుకునే ఉంతాదట.”

“జెండా ఏటి మరి? ఏ పార్టీ?”

“దేవుడి పార్టీ. పోలెండావిడ అడిగింది మావా. సిన్నప్పట్నించీ పెట్టుకున్నదట, ఇక్కడికొచ్చి రెండేళ్ళు నేకపోయింది.”

“మళ్ళీ తలకాయలు రాలిపోతే? అప్పుడు ఒక్క ఇజీనగరం నవ్వింది. ఇప్పుడు పోలెండు కూడా నవ్వాలేటి?”

లోపల్నుంచి అత్త వచ్చింది. మా అత్త లోపల ఉన్నా వింటూనే ఉంటుంది. “అంత దూరం నుంచొచ్చిన ఆడమనిషి ఒక్క పంచదార బొమ్మ అడిగితే నేదంటావా? పుట్టింటోళ్ళు దగ్గర్లేని మనిషి. సారె ఎవులు తెస్తారు దానికి?”

సారె కాదత్తా, ఇది వేరే ఆచారం అని చెప్పబోయాను. బుట్ట కట్టుకుని తిండి సామాన్లతో దేవుడింటికి వెళ్ళడం సారె కాక మరేమిటో నేనే సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ రోజు ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మావ మాత్రం ఫొటోని వదల్లేదు. వేలితో మెడ దగ్గర కొలిచాడు. “మెడ పొట్టిగా ఉన్నాది” అన్నాడు తనలో తాను. పొట్టి మెడ విరగదు. నాలుగేళ్ళుగా ఆ మనిషి చిలక మెడ గురించే ఆలోచిస్తున్నాడని అప్పుడు తెలిసింది.

అటక మీంచి గోనెసంచి దిగింది. అందులో గొర్రె అచ్చు ఉండదని అందరికీ తెలుసు, అయినా మూడుసార్లు వెతికాం. చివరికి నంది అచ్చు దొరికింది. ఎప్పుడో శివుడి కల్యాణానికి చేయించినది. కాళ్ళు ముడుచుకుని పడుకున్న నంది, మెడలో గంటల పేరు, వీపు మీద మూపురం, తల మీద కొమ్ములు. కొమ్ములూ మూపురమూ పూడ్చేస్తే మిగిలేది గొర్రెపిల్లే అని మావ తేల్చాడు. పశువైద్యులు ఒప్పుకోకపోవచ్చు.

పూడ్చడానికి కొవ్వొత్తి మైనం పెట్టాడు. మరిగే పాకం తగలగానే మైనం కరిగింది. అచ్చు విప్పితే సగం కొమ్ములు మొలిచి, కొవ్వొత్తి వాసన కొడుతూ, కోపంగా చూసే జంతువు ఒకటి వచ్చింది. మావ గోనెసంచి అందుకున్నాడు. అత్త ఆ సంచి లాక్కుని, పూరీలకి కలిపిన మైదా ముద్ద తెచ్చి కొమ్ముల గుంటల్లోనూ మూపురం గుంటలోనూ బొటనవేలితో అదిమింది. “ఇప్పుడు పొయ్యి” అంది. అంతే. ముప్పై ఏళ్ళ పనితనానికి పూరీ పిండి తోడైంది.

రెండోసారి అచ్చు విప్పబోయి మావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, పంచెకి తుడుచుకుని మళ్ళీ పట్టాడు. చెయ్యి పోయిందని ఆయన అన్నది పూర్తిగా అబద్ధం కాదేమో అనిపించింది. అచ్చు రెండు చెక్కలూ విడిపోయాయి. తెల్లటి గొర్రెపిల్ల, కాళ్ళు ముడుచుకుని, మెడలో గంటలతో, తలతో సహా ఉంది. గంటలు తీసేద్దామంటే అవి అచ్చులో లోతుగా చెక్కి ఉన్నాయి, ఉండనిచ్చాం. జెండాకి పుల్ల కావాలంటే అత్త అగరొత్తుల పొడి గీకేసి పుల్లలు ఇచ్చింది. అందువల్ల మా గొర్రెపిల్లలు కాస్త గంధం వాసన వేస్తాయి.

గొర్రెపిల్లలు అన్నాను. ఒక్కటి చాలు మావా అంటే నా మొహం చూశాడు.

“ఒంటి బొమ్మ పంపిన కొంప ఎక్కడైనా ఉన్నాదేట్రా? ఇరవై ఒకటి.”

ఆ అంకె తగ్గించే ధైర్యం నాకు లేకపోయింది. ఇరవై ఒక్క తలలు రాలిపోయిన మనిషి ఇరవై ఒక్క తలలూ తిరిగి చూసుకోవాలి కదా.

శనివారం పదకొండింటికి పోలెండువాళ్ళని తీసుకురావడం నా పని. మావా అత్తా ఆటోలో సరుకుతో నేరుగా చర్చికి వచ్చారు. దారిలో ఆలస్యమవుతుందేమోనని గంట ముందే బయల్దేరారు, ఆలస్యం కాలేదు. అందువల్ల పదింటికే దిగిపోయారు.

నేను వ్యాను ఆపేసరికి మావ ఆటోలోనే కూర్చుని ఉన్నాడు, చర్చికి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి.

“బుట్ట ఇప్పినాక, తలకాయలు ఉన్నాయంటే వస్తాను. నేవంటే ఇటే పోతాను” అన్నాడు. ఇటు అంటే సముద్రమే. మావకి ఈత రాదు, నీళ్ళలోకి దిగే ధైర్యం అంతకన్నా లేదు కాబట్టి కంగారు పడలేదు.

లోపల అత్త పట్టుచీరలో నిలబడి ఉంది. బలిపీఠం ముందు బల్ల మీద పెద్ద వెదురుబుట్ట, దాని మీద జరీ గుడ్డ. పోలెండువాళ్ళు తమ ఆరు చిన్న బుట్టలూ పక్కన వరసగా పెట్టారు. పెద్దావిడ బుట్టలో గుడ్లు, రొట్టె, ఉప్పు, మధ్యలో తెల్ల రుమాలు మడిచి వేసిన ఖాళీ చోటు. ఎంత ఖాళీ అంటే, పడుకున్న గొర్రెపిల్ల పట్టేంత. ఫాదర్ గారు ఫోన్లో గంట కొట్టారు. ఆవిడ నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. అత్త పెళ్ళి పెద్దలాగా జరీ గుడ్డ తీసింది.

బుట్టలో తమలపాకులు, పసుపు కుంకుమ పొట్లాలు, నాలుగు పంచదార రవ్వలు ఉన్నాయి.

“అత్తా, గొర్రెపిల్లలేవి?”

“పంచేసినాను.”

“ఎవులికి?”

“ఈదికి. సారె తెస్తే పంచరేటి?”

మా వైపు సారె వచ్చిందంటే ముందు ఇంటింటికీ తిరగాలి. పంచకుండా ఇంట్లో దాచుకున్నవాళ్ళ గురించి జనం బతికున్నంత కాలం చెప్పుకుంటారు. అత్త పదింటికి దిగింది, పోలెండువాళ్ళు కనపడలేదు. పాపం కొత్త మనుషులు, పద్ధతి తెలియదు, రేపు వీధిలో మాట పడతారని తానే పూనుకుంది. చర్చి వీధిలో ఇరవై ఒక్క ఇళ్ళున్నాయి. ఇంటికొకటి, బొట్టు పెట్టి మరీ ఇచ్చి వచ్చింది. లెక్క సరిగ్గా సరిపోయిందని చాలా సంతోషంగా ఉంది.

నేను పెద్దావిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఎమ్మేలో ఈ పాఠం లేదు. ఆవిడ రుమాలు మడత ఒకసారి సరిచేసింది. “పరవాలేదు” అంది. వెన్న గిన్నె తుడిచినప్పుడు అన్న మాటే, అదే గొంతు.

నా దగ్గర ఆ క్షణాన ఒక్క జోకూ లేదు. మా ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఇది చదివితే నమ్మరు.

అత్తకి పోలెండు భాష రాదు, ఇంగ్లీషు రాదు. ఆ రుమాలు మీద చెయ్యి చూసింది. మరుక్షణం పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి వీధిలోకి పరుగెత్తింది, వెనకే నేను. సారె ఇచ్చి వెనక్కి అడగడమంటే మా ఇంటావంటా లేదు.

“ఓలమ్మలూ! ఇచ్చిన గొర్రెపిల్లలు బేగి తెండి! తినేసినోళ్ళు తినేసినామని సెప్పండి!”

ఒకావిడ గుమ్మంలోంచి అంది, “ఉపాసం రోజు తీపి ఎవులు తింటారమ్మా? రేపటికని టీవీ మీదెట్టినాం.”

ఆ మాట చెవిన పడ్డాక ఊపిరి పీల్చుకున్నాను. నలభై రోజుల ఉపవాసాలు, రేపు పండగ. ఏ ఇంట్లోనూ ఎవరూ ముట్టుకోలేదు. టీవీల మీంచి, బీరువాల మీంచి, చీమలకి భయపడి నీళ్ళ గిన్నెలో నిలబెట్టిన పీటల మీంచి గొర్రెపిల్లలు దిగాయి. ఎందుకు తెమ్మన్నారో అడిగి తెలుసుకుని, అయితే మాక్కూడా చల్లించుకుందామని ఒక్కొక్కరూ స్టీలు పళ్ళెంలో గొర్రెపిల్లని పెట్టి, పక్కన కోడిగుడ్డు, గుప్పెడు ఉప్పు పెట్టుకుని చర్చికి బయల్దేరారు. ఒకావిడ ఎండు వంజరం చేప ముక్క కూడా పెట్టింది.

ఆ అరుపులకి ఆటోలోంచి వెనక్కి తిరిగిన మావకి కనిపించింది వేరు. ఇరవై మంది ఆడవాళ్ళు తన బొమ్మలు పట్టుకుని చర్చి మీదికి దండెత్తుతున్నారు.

“ఒరే, ఎనక్కి ఇచ్చెస్తన్నారేట్రా?” అని అరిచి ఆటోవాడి భుజం తట్టాడు. “తియ్యి, బేగి తియ్యి!”

నేను అడ్డం పడ్డాను. “తలకాయలున్నాయి మావా! దిగి సూడు!”

మావ దిగాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడి, లోపలికి వెళ్ళే ఒక్కొక్క పళ్ళెం వైపూ చూస్తూ పెదాలు కదిపాడు. జపం అనుకుంటారు చూసేవాళ్ళు. తలలు లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. అక్కడ ఆగింది.

ఇరవై ఒకటో ఇంటావిడ చివర్న వచ్చింది, చంకలో పాకే పిల్లాడు, చేతిలో కొంగు కప్పిన పళ్ళెం. కొంగు తీసింది. గొర్రెపిల్ల కాళ్ళు ముడుచుకుని, గంటల పేరుతో, జెండాతో పడుకుని ఉంది. తల లేదు.

“మా గుంటడు సప్పరించేసినాడమ్మా. ఆడికి ఉపాసం తెల్దు కదా” అంది తల దించుకుని.

మావ కళ్ళు మూసుకున్నాడు. నాలుగేళ్ళ కిందటి కావిడి మళ్ళీ అందరి ముందూ విప్పినట్టయింది. పధ్నాలుగు మంది పోలెండువాళ్ళు, ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు, ఫాదర్ గారు, పావురాలు, అందరూ ఆ తల లేని దానివైపే చూస్తున్నారు.

పెద్దావిడ నవ్వింది. చిన్న నవ్వుగా మొదలై, పొట్ట పట్టుకుని బెంచీ మీద కూర్చునేదాకా వెళ్ళింది. ఆవిడకి ఒక తమ్ముడున్నాడట. ప్రతి ఏడూ శనివారం బుట్ట చర్చికి వెళ్ళే లోపు తమ్ముడు గొర్రెపిల్ల తల నాకేసేవాడట. వాళ్ళమ్మ రొట్టె ముక్క అడ్డంపెట్టి తీసుకెళ్ళేదట. తల ఉన్న గొర్రెపిల్లని తమ ఇంటి బుట్టలో చూసిన గుర్తే లేదంది. ఆడవాళ్ళు మాది తీసుకో, మాది తీసుకో అని ఇరవై పళ్ళేలు ముందుకు తోస్తుంటే, లేచి వెళ్ళి ఆ చివరి పళ్ళెంలోది రెండు చేతులా అందుకుని రుమాలు మీద పెట్టుకుంది. రొట్టె ముక్క ఒకటి మెడకి ఆనించింది. గంటలు వేలితో తడుముతూ నన్ను అడిగింది, తమ దగ్గర కూడా గొర్రెపిల్ల మెడలో గంట ఉంటుంది, ఫొటోలో లేదు కదా, మీ మావకి ఎలా తెలిసిందని.

నేను మావకి చెప్పాను. మావ గొంతు సవరించుకున్నాడు. “మాకు అన్నీ తెలుస్తాయని సెప్పు.”

అలాగే చెప్పాను. నంది సంగతి ఇప్పుడు ఇక్కడ రాసేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఫాదర్ గారు ఆరు బుట్టలకని తెచ్చుకున్న నీళ్ళు నాలుగో పళ్ళేనికే అయిపోయాయి. రెండో బిందె తెప్పించి, దీవించి, మళ్ళీ మొదలుపెట్టారు. వంజరం ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగి, దానిమీద కూడా చల్లారు. పాట ఎత్తుకున్నారు. చర్చి వీధి గొంతులే పైన ఉన్నాయి. పెద్దావిడ పాడలేకపోయింది. ఏడవడం వల్ల కాదు, నవ్వు ఇంకా ఆగక.

తిరిగి వెళ్ళేటప్పుడు మావ ఆటో ఎక్కకుండా నా వ్యాన్లో ముందు సీట్లో కూర్చున్నాడు. సింగుపురం దాటాక అడిగాడు.

“తల నేకపోయినా తీసుకున్నాదేట్రా?”

“తీసుకుంది కదా మావా, సూసేవు కదా.”

“సూసేను.” అద్దంలోంచి వెనక సీట్లో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడని ఇంకోసారి చూశాడు. “మరి ఆ ఇజీనగరపోళ్ళకి ఏటి రోగం?”